గల్ఫ్‌కి మొదటిసారి పనికి వెళ్తున్నారా? విమానం ఎక్కేలోపు చేయాల్సిన పనులు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చూసినా, ఇటు కోనసీమ, రాయచోటి, రాజంపేట వైపు చూసినా గల్ఫ్‌లో మనిషి లేని వీధి కనిపించదు. అక్కడ సంపాదించి ఇల్లు కట్టినవాళ్లు ఉన్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు ఉన్నారు. రెండేళ్లు ఎండలో పనిచేసి, తెచ్చిన అప్పు అలాగే ఉండగా తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ కష్టపడ్డారు. తేడా ఎక్కువగా వెళ్లే ముందు ఏం అడిగారు, ఏ కాగితం చదివించుకున్నారు అనే దగ్గరే వచ్చింది.

ఊళ్లో ఉన్నంతవరకు "ఈ పని నాకొద్దు" అనే మాట మీ నోట్లో ఉంటుంది. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టాక ఆ మాటకు బలం సగం తగ్గుతుంది. విమానం దిగాక అనడం ఇంకా కష్టం. అందుకే కింద చెప్పే పనుల్లో డబ్బు కట్టడం చాలా ఆలస్యంగా వస్తుంది. మీరూ అదే వరుస పాటించండి.

1. పాస్‌పోర్టు: పేరు, చదువు, గడువు

36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు రూ. 1,500. తత్కాల్ అయితే మరో రూ. 2,000. దరఖాస్తు పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో పెట్టి, దగ్గర్లోని సేవా కేంద్రానికి గానీ, పోస్టాఫీసులోని కేంద్రానికి గానీ మీరే వెళ్లొచ్చు. దీనికి మధ్యవర్తికి వేలకు వేలు ఇవ్వాల్సిన పని లేదు.

పేరు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. మనవాళ్లలో చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు ఒకే గడిలో రాయిస్తారు. అలా రాయించినప్పుడు పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా మిగిలితే, 2022 నవంబరు నుంచి యూఏఈ వీసాకు ఇబ్బంది రావచ్చు. ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే, సొంత పేరు దాని గడిలోనే ఉండేలా చూడండి. ఇప్పటికే పాస్‌పోర్టు ఉంటే ఇవాళే తెరిచి చూసుకోండి. మార్పించుకోవడానికి సమయం పడుతుంది.

పదో తరగతి పాసైనవాళ్లు దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ తప్పకుండా పెట్టాలి. లేకపోతే పాస్‌పోర్టు 'ఈసీఆర్' కింద వస్తుంది. అంటే పనికోసం గల్ఫ్ దేశాలకు వెళ్లే ప్రతిసారీ ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పది పాస్ కానివాళ్లు దీని గురించి దిగులు పడొద్దు. ఆ క్లియరెన్స్ మిమ్మల్ని ఆపడానికి పెట్టింది కాదు. జీతం ఎంత, యజమాని ఎవరు అన్నది ప్రభుత్వం దగ్గర నమోదు కావడం మీకే రక్ష. దాన్ని తప్పించి పంపుతానని ఎవరైనా అంటే మాత్రం అనుమానించండి.

గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. రెండేళ్ల కాంట్రాక్టుకు వెళ్తున్నారు కాబట్టి మూడేళ్లకు తక్కువ మిగిలి ఉంటే ఇక్కడే రెన్యూవల్ చేయించుకుని వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ ఎంబసీ పని కోసం ఒక రోజు సెలవు అడగడం కూడా కొన్ని కంపెనీల్లో పెద్ద విషయమే.

2. ఏజెంటును పరీక్షించండి

ఊళ్లో మీ దగ్గరికి వచ్చే మనిషి సాధారణంగా ఏజెంటు కాదు, ఏజెంటుకు మనుషుల్ని తెచ్చిపెట్టేవాడు. బంధువే కావచ్చు, మంచివాడే కావచ్చు. కానీ 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా ఆ పని చేయడం నేరం. రేపు ఏదైనా జరిగితే ఊళ్లో మనిషి "నాకేం తెలుసు, పైవాళ్లు చెప్పారు" అంటాడు. పైవాళ్లు ఎవరో మీకు తెలియదు.

అందుకే మొదటి ప్రశ్న ఇదే: "మీ వెనక ఉన్న కంపెనీ పేరేంటి, లైసెన్సు నంబరెంత?" ఆ నంబరును కేంద్ర విదేశాంగ శాఖ నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో వెతకండి. లైసెన్సు నడుస్తోందా, రద్దయిందా అందులో కనిపిస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే పది నిమిషాల పని. పేరు సరిపోయినంత మాత్రాన ఆగకండి. పోర్టల్‌లో ఉన్న ఆఫీసు చిరునామాకు మీరే ఒకసారి వెళ్లండి. పేరున్న కంపెనీ లెటర్‌హెడ్‌ను జిరాక్స్ తీసి వాడుకునేవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది, అక్కడా అడిగి తెలుసుకోవచ్చు.

లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా రూ. 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ. 35,400. దీనికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతున్నారంటే మిగతాది దేనికో కాగితం మీద రాసిమ్మనండి. రాయరు. ఏం కట్టినా బ్యాంకు ద్వారా, కంపెనీ ఖాతాకే కట్టండి. ఫోన్‌లో పంపినా కంపెనీ పేరు మీద ఉన్న ఖాతాకే పంపండి. చేతికి ఇచ్చిన డబ్బుకు రేపు సాక్ష్యం ఉండదు.

"ఆడికి పోయినంక అన్నీ సెట్ అయితయ్" అనే మాట చాలామంది వినే ఉంటారు. ఏం సెట్ అవుతుందో ఇక్కడే చెప్పమనండి. ముఖ్యంగా రెండు రకాల ప్రయాణాలకు ఒప్పుకోవద్దు. ఒకటి, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వెతుక్కోవడం. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. నెల దాటితే 1,500 దిర్హాములు, అంటే ఒక మామూలు కూలీ నెల జీతం కంటే ఎక్కువ. రెండోది ఆజాద్ వీసా. ఒక కఫీల్ (వీసా ఇప్పించే అక్కడి యజమాని) పేరు మీద వీసా, పని మాత్రం బయట ఎక్కడైనా చేసుకోవచ్చంటారు. చట్టంలో అలాంటి వీసా లేదు. తనిఖీలో దొరికితే శిక్ష మీకే. పైగా ఇఖామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్ కార్డు) రెన్యూవల్ పేరుతో కఫీల్ ఏటా ఎంత అడిగితే అంత ఇవ్వాలి. ఆజాద్ వీసా మీద బాగుపడినవాళ్లను చూపించి ఏజెంట్లు నమ్మిస్తారు. అలాగే వెళ్లి కల్లివెల్లి అయిపోయి (సరైన కాగితాలు లేకుండా మిగిలిపోయి), ఇంటికి రావడానికి కావాల్సిన ఔట్‌పాస్ కోసం తిరిగినవాళ్ల గురించి చెప్పరు.

ప్రైవేటు ఏజెంట్లు వద్దనుకుంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. అక్కడ ఖాళీలు తక్కువ, ఆలస్యం ఎక్కువ అనేవాళ్లు ఉంటారు. అయినా ముందు అక్కడ పేరు నమోదు చేసుకుని, ఆ తర్వాత బయట వెతకండి.

3. జీతాన్ని రూపాయల్లో, అప్పును నెలల్లో లెక్క వేయండి

ఈ లెక్క కాగితం మీద వేయండి, ఇంట్లో ఇల్లాలి ముందు వేయండి.

ఏజెంటు 1,000 దిర్హాముల జీతం అన్నాడనుకుందాం. దిర్హాము 23 రూపాయలనుకుంటే రూ. 23,000. వినడానికి బాగుంది. తిండి కంపెనీ పెట్టకపోతే నెలకు 350 దిర్హాములు తీసేయండి. ఫోన్, సబ్బులు, చిల్లర ఖర్చులకు 50. మిగిలేది 600 దిర్హాములు, అంటే రూ. 13,800. ఇప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర అప్పు తెచ్చారనుకుంటే మొదటి నెల వడ్డీయే రూ. 3,000. ఇంటి ఖర్చుకు రూ. 6,000 పంపితే అప్పుకు కట్టగలిగేది వడ్డీతో కలిపి రూ. 7,800. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుందనుకున్నా, అప్పు తీరేసరికి రెండేళ్లు నిండిపోతాయి. కాంట్రాక్టు కూడా రెండేళ్లే. జబ్బు పడకుండా, ఒక్క నెల జీతం ఆగకుండా పనిచేస్తే వచ్చే ఫలితం ఇది.

అదే పని, అదే జీతం, కానీ కంపెనీ తిండి పెట్టి, ఏజెంటుకు చట్టప్రకారం రూ. 35,400 మాత్రమే కడితే? నెలకు 950 దిర్హాములు, దాదాపు రూ. 21,850 మిగులుతుంది. ఇంటికి అదే రూ. 6,000 పంపినా మూడు నెలల్లోపే ఆ అప్పు తీరుతుంది. ఆ తర్వాతి నెలలన్నీ మీ సంపాదన. అందుకే జీతం అంకె కన్నా తిండి ఎవరిది, ఏజెంటుకు ఎంత అన్న రెండు ప్రశ్నలే పెద్దవి. పొలం తాకట్టు పెట్టి వెళ్లాల్సి వస్తోందంటే, నా మాటగా చెప్తున్నా, ఆ ప్రయాణాన్ని ఆపండి.

4. వీసా కాగితాన్ని తెలిసినవాళ్లతో చదివించండి

వీసా కాపీ మీ చేతికి కనీసం వారం ముందే రావాలి. ఎయిర్‌పోర్టులో ఇస్తాను అంటే ఒప్పుకోవద్దు. చదివే టైమ్ మీకు ఇవ్వకూడదనే అలా అంటారు.

సౌదీ, కువైట్ వీసాల్లో ఉద్యోగం పేరు అరబ్బీలో ఉంటుంది. మీకు చెప్పింది, అందులో రాసింది ఒకటేనా చూసుకోవాలి. 'సాయఖ్ ఖాస్' అంటే ఇంటి డ్రైవరు. 'ఆమిల్ మంజిలీ' అంటే ఇంటి పనివాడు. 'రాయీ' అంటే పశువుల కాపరి, పక్కన గొర్రెల మాట కూడా ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో పని అని చెప్పి ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయడానికి పంపిన సంగతులు మన జిల్లాల్లో కొత్త కాదు. ఆ కాగితం మీద 'రాయీ' అనే మాట మొదటి రోజు నుంచే ఉంటుంది, చదివినవాళ్లు లేకపోయారంతే. మీ ఊళ్లో మసీదులో మౌల్వీ గారికి అరబ్బీ వస్తుంది. వెళ్లి అడగండి, కాదనరు. ఫోన్‌లో అనువాదం యాప్‌తో ఫొటో తీసినా చాలావరకు అర్థమవుతుంది. రెండూ చేయండి.

కువైట్‌కు వెళ్లేవాళ్లు నంబరు చూడాలి. 18వ నంబరు వీసా ప్రైవేటు కంపెనీ పనికి, 20వ నంబరు ఇంటి పనికి. ఇంటి పని వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలు కార్మిక చట్టం వర్తించదు, వేరే నిబంధనలు ఉంటాయి. సౌదీలోనూ అంతే. కాబట్టి 20వ నంబరు మీద వెళ్లి షాపులో పనిచేయొచ్చు అనే మాట నమ్మకండి.

డ్రైవరు పనికి వెళ్తుంటే ఇంకో ప్రశ్న ఉంది. అక్కడ నివాసిగా బండి నడపాలంటే మన లైసెన్సు చాలదు, అక్కడి లైసెన్సు తీసుకోవాలి. శిక్షణ, టెస్టు ఖర్చు ఎవరిది? మొదటిసారి ఫెయిలైతే జీతం వస్తుందా? ఇవి ఇక్కడే తేల్చుకోండి.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లే మహిళలకు కనీసం 30 ఏళ్లు ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. వయసు తక్కువున్నా ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తామని, విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామని చెప్పేవాళ్లు కడప, గోదావరి జిల్లాల్లో తిరుగుతుంటారు. అమ్మా, అక్కా, అలా వెళ్తే మీరు ఏ ఇంట్లో ఉన్నారో ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. ఇంటి తలుపు వెనక జరిగేది బయటకు తెలిసే దారి మూసుకుపోతుంది. సరైన దారిలో వెళ్లేవాళ్లు కూడా యజమాని పేరు, ఫోన్ నంబరు, ఇల్లు ఉన్న ప్రాంతం తెలియకుండా బయల్దేరొద్దు. ఆ ఇంట్లో ఇంతకుముందు పనిచేసినవాళ్ల నంబరు దొరికితే మాట్లాడండి.

5. కాంట్రాక్టులో ఏం ఉండాలి

కాంట్రాక్టు మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. జీతం ఒకే అంకెగా ఉండటం మంచిది కాదు. మూలవేతనం ఎంత, అలవెన్సులు ఎంత అని విడిగా చూడండి. ఎందుకంటే యూఏఈలో ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ (పని ముగించి వచ్చేటప్పుడు ఇచ్చే సొమ్ము) రెండూ మూలవేతనం మీదే లెక్కిస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం గ్రాట్యుటీగా రావాలి. మూలవేతనం 1,000 దిర్హాములైతే రెండేళ్లకు 1,400 వస్తుంది. అదే 600 మూలవేతనం, 400 అలవెన్సు అని రాస్తే 840 మాత్రమే. నెలజీతం ఒకటే, చివర్లో చేతికొచ్చేది వేరు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున రావాలి.

ఇంకా చూడాల్సినవి: రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు. సౌదీ చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన చేస్తే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. వసతి, తిండి, వైద్యం, రెండేళ్ల తర్వాత తిరుగు టికెట్ ఎవరిది. సౌదీలో ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజులు యజమానే భరించాలి, వాటి పేరుతో జీతంలో కోయకూడదు. కాంట్రాక్టు మధ్యలో ఆపితే ఎవరు ఎవరికి ఏం కట్టాలి అన్నది కూడా చదివించుకోండి. అందరూ వదిలేసే పేరా అదే.

ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు. ఇక్కడైనా, అక్కడైనా.

6. మెడికల్

గల్ఫ్ దేశాలు గుర్తించిన సెంటర్లలోనే పరీక్షలు చేయించాలి. ఇదివరకు అందరూ గామ్కా అనేవారు, ఇప్పుడు వాఫిద్ పోర్టల్‌లో బుక్ చేసుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ముఖ్యం. ఎప్పుడో టీబీ వచ్చి నయమైనా, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్ అనే అవకాశం ఉంది. అందుకే ఏజెంటుకు పైసా కట్టకముందే మీ ఊరి దగ్గర్లో ఒక ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించుకోండి. అక్కడికెళ్లాక ఇఖామా కోసం మళ్లీ పరీక్ష చేస్తారు. ఇక్కడ డబ్బిచ్చి ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు అక్కడ దొరికిపోయి వెనక్కి వస్తారు, ఖర్చంతా నష్టమే.

7. క్లియరెన్స్, బీమా, శిక్షణ

ఈసీఆర్ పాస్‌పోర్టున్నవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఈమైగ్రేట్ ద్వారానే వస్తుంది. లైసెన్సున్న ఏజెంటు ద్వారా వెళ్తుంటే దరఖాస్తు అతనే పెడతాడు, ప్రభుత్వ ఫీజు రూ. 200. వచ్చాక ఆ ప్రింటు మీరు అడిగి తీసుకోండి. అందులోని జీతం, యజమాని పేరు మీ కాంట్రాక్టుతో సరిపోవాలి.

దీంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ చేస్తారు. ప్రీమియం రెండేళ్లకు రూ. 275, మూడేళ్లకు రూ. 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ. 10 లక్షలు. ఇక్కడొక మాట చాలామందికి తెలియదు: ఈ రూ. 10 లక్షలు ప్రమాదాలకు మాత్రమే. గల్ఫ్ నుంచి మన ఊళ్లకు వచ్చే శవపేటికల్లో గుండెపోటుతో పోయినవాళ్లవి ఎన్నో ఉంటాయి, వాళ్ల కుటుంబాలకు ఈ రూ. 10 లక్షలు రావు. కాబట్టి ఏ కారణంతో చనిపోయినా వర్తించే జీవిత బీమా వేరుగా తీసుకోండి. 50 ఏళ్లలోపు వారైతే బ్యాంకు ఖాతా నుంచే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా చేయించుకోవచ్చు, ఏడాదికి ప్రీమియం రూ. 436, బీమా మొత్తం రూ. 2 లక్షలు. స్తోమత ఉంటే టర్మ్ పాలసీ ఇంకా మంచిది. ఖాతాలో ఆ ప్రీమియం డబ్బు ప్రతి ఏడాదీ ఉండేలా ఇంట్లోవాళ్లకు చెప్పండి. తెలంగాణలో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం రూ. 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. ఆ సంగతీ ఇంట్లో తెలిసి ఉండాలి. ఈ మాటలు ప్రయాణం ముందు అపశకునం అనుకునేవాళ్లు ఉంటారు. పిల్లలున్న మనిషి వీటిని మాట్లాడకుండా వెళ్లకూడదు.

ప్రయాణానికి ముందు ఒక రోజు శిక్షణ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, హైదరాబాద్‌లోనూ ఉంది. సర్టిఫికెట్ కోసం సంతకం పెట్టి వచ్చేయకుండా కూర్చుని వినండి, ప్రశ్నలు అడగండి.

8. ఇంట్లో ఏం పెట్టి వెళ్లాలి

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా, ఏజెంటు రసీదులు, టికెట్ అన్నీ మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి మీరు నమ్మే ఇంకో మనిషి దగ్గర, ఒకటి మీ బ్యాగులో. ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్‌లోనూ పెట్టండి. యజమాని కంపెనీ పేరు, అక్కడి ఫోన్ నంబరు, ఏజెంటు నంబరు, ఊళ్లో మధ్యవర్తి నంబరు ఒక కాగితం మీద రాసి, ఇల్లాలికి ఏది ఎవరిదో చెప్పండి. కష్టం వచ్చినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆవిడే. ఆవిడ చేతిలో పాస్‌పోర్టు నంబరు కూడా లేక వెనక్కి పంపిన రోజులు చూశాను.

మీ ఆధార్‌కు, బ్యాంకుకు లింకైన సిమ్ పనిచేస్తూ ఉండాలి. ఓటీపీలు దానికే వస్తాయి. వెళ్లే ముందే రోమింగ్ యాక్టివేట్ చేయించుకోండి, ఇంట్లోవాళ్లు రీచార్జి ఆపకుండా చూడాలి. మీరు విదేశంలో స్థిరంగా పనిచేస్తున్నప్పుడు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి డబ్బుకు ఖాతా) కింద మార్చుకోవాలి, జీతం పంపడానికి ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఏ కాగితాలు కావాలో మీ బ్యాంకులో ఇప్పుడే అడిగి ఫారాలు తెచ్చుకోండి.

యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లు పోతాయి. బోటిమ్ లాంటి అక్కడ అనుమతి ఉన్న యాప్‌ను ఇంట్లో ఫోన్‌లో పెట్టి, అమ్మకు, ఇల్లాలికి నేర్పించి వెళ్లండి. దిగిన రోజు ఫోన్ కలవక ఇంట్లో పడే టెన్షన్ తగ్గుతుంది.

9. సామాను

గసగసాలు వద్దు. యూఏఈ, సౌదీల్లో ఇవి మాదకద్రవ్యాల కింద లెక్క. గుప్పెడు దొరికినా జైలు దాకా వెళ్లొచ్చు. విడిగా పెట్టకపోయినా అమ్మ కొట్టి ఇచ్చిన మసాలా పొడిలో ఉంటాయి, కోడికూర మసాలాలో ఉంటాయి. వంటింట్లో అడిగి, గసగసాలు లేకుండా కొట్టించుకోండి. గుట్కా, ఖైనీ కూడా వదిలేయండి.

మందుల విషయంలో ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రలు లాంటివి అక్కడ నియంత్రణలో ఉంటాయి. ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీతో, అసలు అట్టల్లోనే పెట్టుకోండి. విడి మాత్రలు కవర్లో పోసుకోకండి.

ఎవరైనా "మా తమ్ముడికి ఈ పచ్చడి సీసా ఇవ్వు" అంటే సున్నితంగా కాదనండి. కాదనలేని దగ్గరి మనిషైతే మీ ముందే విప్పించి, మీ చేతులతో మళ్లీ సర్దండి. బ్యాగులో దొరికింది మీదే అవుతుంది, ఇచ్చినవాళ్ల పేరు చెప్పినా అక్కడ వినరు.

మిగతావి త్వరగా చెప్తాను. పచ్చళ్లు, నెయ్యి చెకిన్ బ్యాగులో, గట్టిగా సీల్ చేసి. ఎండుకొబ్బరి నిప్పు అంటుకునే సరుకుగా లెక్క, చెకిన్ బ్యాగులో ఒప్పుకోరు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే. మన నోట్లు రూ. 25,000 వరకే దేశం దాటించవచ్చు. దిగగానే వాడుకోవడానికి ఆ దేశం డబ్బు కొంత మార్చుకోండి.

10. ఎయిర్‌పోర్టు, ఆ తర్వాతి మొదటి వారాలు

శంషాబాద్‌కు విమానానికి నాలుగు గంటల ముందు చేరండి. కాగితాల కవరు చేతి బ్యాగులో ఉండాలి. ఇమిగ్రేషన్ అధికారి ఎందుకు వెళ్తున్నారని అడిగితే పనికి అని చెప్పండి. "టూరిస్టునని చెప్పు, ఫలానా కౌంటర్‌కే వెళ్లు" అని ఏజెంటు నేర్పించాడంటే అక్కడి నుంచే వెనక్కి రండి. డబ్బు కొంత పోవచ్చు, కానీ మీరు ఇంకా ఇక్కడే ఉన్నారు.

దిగాక మొదటి పని ఇంటికి ఫోన్ చేసి క్యాంపు ఉన్న ప్రాంతం, గది చెప్పడం, లొకేషన్ పంపడం. కంపెనీ పాస్‌పోర్టు అడుగుతుంది. వీసా, ఇఖామా పనుల కోసం ఇవ్వాల్సి రావచ్చు, అయిపోయాక తిరిగి అడగండి. కార్మికుల పాస్‌పోర్టులు యజమాని తన దగ్గర ఉంచుకోవడం సౌదీ, యూఏఈల్లో చట్టవిరుద్ధం. ఇఖామా చేతికి రాగానే రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపండి. దాని గడువు తేదీని మీరే గుర్తుంచుకోండి, కంపెనీ చూసుకుంటుందిలే అనుకోవద్దు.

రోజూ ఎన్ని గంటలు పనిచేశారో చిన్న నోట్‌బుక్కులో రాయండి. ఓవర్‌టైమ్ గొడవ వస్తే ఆ పుస్తకం, జీతం పడిన మెసేజ్‌లే మీ సాక్ష్యం. సౌదీ, యూఏఈల్లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం ఎండలో పనిచేయించకూడదు. సౌదీలో 12 నుంచి 3 గంటల వరకు, యూఏఈలో 12:30 నుంచి 3 వరకు. ఆ సమయంలో ఎండలో నిలబెడితే ఫిర్యాదు చేయొచ్చు.

జీతం ఆగినా, కొట్టినా, కోపంతో చెప్పకుండా పని వదిలి పారిపోవద్దు. యజమాని మీ మీద పారిపోయాడని కేసు పెడితే న్యాయం మీ వైపున్నా మీరే దొంగలా తిరగాలి. కార్మిక శాఖలో ఫిర్యాదు, ఎంబసీకి ఫోన్, ఇదే వరుస. ప్రాణానికే ముప్పు ఉంటే నేరుగా ఎంబసీకి వెళ్లిపోండి. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. మన దేశం నుంచి ఇంట్లోవాళ్లు చేయాల్సిన నంబరు 1800 11 3090. ఇంటి నుంచి 'మదద్' పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి పాస్‌పోర్టు వివరాలు కావాలి. రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సంక్షేమ నిధి ఉంది. నిజంగా దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లకు టికెట్, తాత్కాలిక వసతి, శవాన్ని ఇంటికి పంపే ఖర్చు దానిలోంచి ఇస్తారు. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి, బట్టల పెట్టెలో పెట్టుకోండి. ఫోన్ లాక్కున్నప్పుడు కావాల్సింది ఆ కాగితమే.

మొదటి జీతం పంపేటప్పుడు హుండీవాళ్లు (లైసెన్సు లేకుండా డబ్బు చేరవేసేవాళ్లు) ఒక పైసా ఎక్కువ రేటు ఇస్తామంటారు. బ్యాంకు లేదా లైసెన్సున్న ఎక్స్ఛేంజ్ నుంచే పంపి, రసీదు ఫొటో ఇంటికి పెట్టండి. ఆ డబ్బులో ముందు వడ్డీ అప్పుకు కట్టి, మిగిలింది ఇంటికి వాడమని చెప్పండి.